ఎవరెక్కడ కూర్చుంటారు

పవర్ బటన్ మీద ఒక వేలు, పక్కనున్న చిన్న బటన్ మీద ఇంకో వేలు పెట్టి ఐదు లెక్కపెడితే చాలు, రిసీవరు సర్వం మర్చిపోతుంది. బాబాయి మూడు దాకా లెక్కపెట్టి వేళ్ళు తీసేశాడు. ఇంకా చదవడం అవలేదు.

చిన్న తెర మీద అంకెలు నీలంగా వెలుగుతున్నాయి. ఎడమ స్పీకరు రెండు మీటర్ల పది. కుడి స్పీకరు కూడా రెండు మీటర్ల పది. ఇంతవరకూ బుద్ధిమంతుల ఇల్లే. వెనక ఎడమది అరవై సెంటీమీటర్లు, వెనక కుడిది నాలుగు మీటర్ల ముప్ఫై. అంటే సోఫాని ఓ మూలకి నెట్టేశారన్నమాట. ఆ మూల కూర్చున్నవాళ్ళ చెవి పక్కనే స్పీకరు. సినిమాలో ఎవడు తుమ్మినా వీళ్ళు మెడ తుడుచుకోవాల్సిందే. శబ్దం ఇంతకు మించకూడదని ఒక హద్దు కూడా పెట్టారు, సగానికి కాస్త పైన. కింది ఇంటివాళ్ళు ఒకటి రెండుసార్లు మెట్లెక్కి వచ్చి ఉంటారు. ఇక గేములాడే పెట్టె తగిలించుకునే చోటికి ఎవరో పెట్టిన పేరు: ముట్టుకోవద్దు.

"ముట్టుకున్నారు, కొట్టుకున్నారు, తెచ్చిచ్చేశారు," అని గొణుక్కుని బాబాయి మళ్ళీ వేళ్ళు పెట్టాడు. ఈసారి ఐదూ లెక్కపెట్టాడు. తెర ఆరి, వెలిగింది. ఎడమ మూడు మీటర్లు, కుడి మూడు మీటర్లు, వెనక మూడు, ముందు మూడు. ఫ్యాక్టరీలో పుట్టినప్పటి అంకెలు. ఎవరూ కూర్చోని గది.

ఇందుకే షాపులో ఆయన్ని రీసెట్ బాబాయ్ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రం ఉంటుంది. రెండంతస్తుల ఎలక్ట్రానిక్స్ షాపు, దాని వెనక కిటికీ లేని గది, గదిలో పొడవాటి బల్ల. బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఈయన. సన్నటి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది, దాన్ని వెతుక్కోవడం రోజుకి రెండుసార్లు. కుడిచేతి వేళ్ళ నిండా టంకం చుక్కల మచ్చలు. షాపువాళ్ళిచ్చిన నీలం చొక్కాకి తెల్ల గుండీలు. వెనక్కొచ్చిన సరుకుని పరీక్షించి, బాగుందో లేదో రాసి, పాత ఇంటి జ్ఞాపకాలన్నీ తుడిచేసి అరలో పెట్టడం ఆయన పని. పదిలో ఎనిమిది పెట్టెలకి ఏ రోగమూ ఉండదు. రోగం ఎంపికలో ఉంటుంది.

రిసీవరంటే పెద్ద విచిత్రమేం కాదు. సినిమాలో శబ్దాన్ని విడదీసి, మాటలు ముందు స్పీకరుకి, వాన వెనక స్పీకర్లకి, తలుపు చప్పుడు ఏ పక్కదైతే ఆ పక్కకి పంచిపెట్టే పెట్టె. వడ్డనలో చెయ్యి తిరిగినవాళ్ళలాగా. కొనేవాళ్ళు మాత్రం ఎన్ని ఛానెళ్ళు, ఎన్ని వాట్లు అని అడుగుతారు. ఎప్పుడైనా దారితప్పి ఈ గదిలోకొస్తే బాబాయి ఒకటే అడుగుతాడు: "మీ ఇంట్లో ఎవరెక్కడ కూర్చుంటారు?" చాలామంది దగ్గర దానికి జవాబుండదు. వాట్లు మాత్రం కంఠతా వచ్చు.

ఈరోజు ఆయనకి ఆఖరి రోజు. ఆఖరి రోజున వెనక్కొచ్చిన సరుకు అరలోంచి ఒక్క వస్తువు, ఏదైనా సరే, ఇంటికి తీసుకుపోవచ్చు. ఇది ఏ కాగితంలోనూ లేని ఆచారం. మొదలుపెట్టిన పెద్దాయన ఎప్పుడో పోయాడు, ఆచారం ఉండిపోయింది. కాపలా తాత ట్రెడ్‌మిల్లు తీసుకెళ్ళాడు. ఇప్పుడు దానిమీద బట్టలారేస్తున్నాడని వినికిడి.

తలుపు తెరుచుకోకముందే గొంతు లోపలికొచ్చింది.

"బాబాయ్! తేల్చావా, ఇంకా పెళ్ళిచూపులేనా?"

డెమో గదిలో పనిచేసే ఈ నలభయ్యేళ్ళవాణ్ణి ఆ మంద్రపు గొంతు వల్ల అందరూ బేస్ అంటారు. వాడు గుసగుసలాడితే బల్ల మీద స్క్రూలు కదులుతాయి.

"చూస్తున్నాన్రా."

"ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నావు. నువ్వు మొదట చూసినవాటికి మనవలు పుట్టారు." బేస్ పై అరలో మెరుస్తున్న నల్లటి పెట్టెని తట్టాడు. "ఇదిగో, ఇది తీసుకో. పదకొండు ఛానెళ్ళు. నెత్తి మీంచి కూడా శబ్దం వస్తుంది. సినిమాలో హెలికాప్టరొస్తే నువ్వు వంగి నడుస్తావు."

"మా ఇంటికి హెలికాప్టర్లు రావురా."

"రాకపోతే మనమే రప్పించాలి. అదీ జీవితమంటే!"

వాడి వెనకే మేనేజరు మేడమ్ తల లోపలికి పెట్టింది. వయసులో బాబాయి కంటే పాతికేళ్ళు చిన్న. షాపు మొత్తంలో గారు అనేది ఆవిడొక్కతే. "బాబాయిగారూ, నాలుగున్నర లోపల చెప్పేయండి. గేటు పాసు రాయాలి. మీరు ఏది తీసుకుంటారోనని వీళ్ళు పందేలు కడుతున్నారు, అదొక తలనొప్పి."

"తేలుస్తా మేడమ్."

తేల్చాలి. తప్పదు. ఎందుకు తప్పదో మాత్రం షాపులో ఎవరికీ తెలియదు.

పోయిన నెల ఆసుపత్రిలో డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. గుండెకి పోయే గొట్టాల్లో ఒకటి దాదాపు మూసుకుపోయింది. ఎల్లుండి పొద్దున చేరాలి, వారం ఉండాలి. "ఈలోగా బకెట్టు నీళ్ళు కూడా ఎత్తొద్దు. మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కండి," అన్నాడు. బాబాయి బొమ్మని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోసి బాగుచేస్తారు, సరే. వారం అన్నది వారంతో ఆగుతుందా అని ఆయన అడగలేదు. డాక్టరూ చెప్పలేదు.

ఇంట్లో అక్కకి ఇంకోలా చెప్పాడు. "రిటైరైనందుకు షాపువాళ్ళు వారం రోజులు ఊళ్ళు తిప్పుతున్నారే అక్కా."

"నిన్నా? బస్సెక్కి కిటికీ సీటు కోసం కొట్టుకుని, కూర్చోగానే నిద్రపోయేవాణ్ణి తిప్పడం ఎందుకురా, డబ్బు దండగ!"

అక్క ఆయన కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మానాన్నా పోయాక మిగిలింది ఇద్దరే. ఆమెకి కుట్టుమిషను, ఈయనకి టంకం కడ్డీ. పెళ్ళిళ్ళ సంగతి మొదట్లో చుట్టాలు అడిగేవాళ్ళు, తర్వాత చుట్టాలే అలిసిపోయారు. ఎనిమిదేళ్ళ కిందట అక్క చూపు అంచుల దగ్గర మొదలై లోపలికి మసకబారుతూ వచ్చింది. ఇప్పుడు వెలుగేదో, చీకటేదో తెలుస్తుంది, అంతే. అయినా సూదిలో దారం నాలుక కొసతో చూసి ఎక్కిస్తుంది. తమ్ముడి చొక్కా గుండీలన్నీ ఆమె కుట్టినవే. షాపువాళ్ళు కుట్టినవి ఆమెకి నచ్చవు, "దారం పొదుపు చేశారు వెధవలు" అని విప్పి మళ్ళీ కుడుతుంది.

అక్కకి సినిమా ప్రాణం. సాయంత్రమైతే రెండు కుర్చీలు టీవీ ముందుకి జరుగుతాయి, ఈయన చెబుతాడు. ఇప్పుడు వాడొచ్చాడు. ఆవిడ అటు తిరిగింది. ఏడవట్లేదుగానీ ఏడ్చేలా ఉంది. ఈయన చెబుతుంటే సినిమాలో మాటలు వినపడవు, మాటలు వింటే ఈయన చెప్పడం కుదరదు. టీవీ గొంతేమో అగ్గిపెట్టెలో ఈగలాంటిది. ఎవరు ఎటునుంచి వచ్చినా ఒకే చోటునుంచి వస్తారు. పైగా బాబాయి అంత నిజాయితీ గల వ్యాఖ్యాత కాదు. అక్క మనసు కష్టపడుతుందనుకున్న చోట కథ మార్చేస్తాడు. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఏ సినిమాలోనూ కుక్క చావలేదు.

గోడలకి ఐదు స్పీకర్లున్నాయి. షాపులో పారేసే సరుకులోంచి ఒక్కొక్కటే తెచ్చి, బాగుచేసి, బిగించి, వైర్లు లాగి పెట్టాడు. రిసీవరొక్కటే రాలేదు. ప్రతిదాని లోపమూ తెలిసినవాడికి ఏది నచ్చుతుంది? ఒకటి వేడెక్కుతుంది, ఒకటి మాటల్ని మింగి మోతని కక్కుతుంది, ఒకటి నెలకోసారి అలుగుతుంది. ఇదిగో అదిగో అంటూనే ఎనిమిదేళ్ళు. అక్క వారం వారం తడుముకుంటూ స్పీకర్ల దుమ్ము దులుపుతూ, "అయిదుగురు మూగమొగుళ్ళు," అంటుంది.

ఎల్లుండి నుంచి సాయంత్రాలు అక్క ఒక్కతే. పక్కింటావిడ అన్నం సంగతి చూస్తానంది. అన్నం సరే, ఇప్పుడెవరొచ్చారని అక్క ఎవర్ని అడుగుతుంది?

మధ్యాహ్నం సర్వీసు కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఒక చంకలో హెల్మెట్, రెండు చేతుల మధ్య పెద్ద అట్టపెట్టె. బేస్ పొగిడిన ఆ పదకొండు ఛానెళ్ళదే, కొత్తది.

"పనిచేయట్లేదామ్మా?"

"పనిచేస్తోందండి. అదే గొడవ."

బాబాయి కళ్ళజోడు కిందికి దించాడు.

"మా ఆయనకి ఏడాదిగా కుడిచెయ్యి రాదు. నేను డ్యూటీకి పోతే రోజంతా ఒక్కడే. సినిమాలు బాగా చూసుకుంటాడు కదాని కొన్నాను. నేనున్నప్పుడు అంతా బ్రహ్మాండం. నేను లేనప్పుడు దానిమీద తువ్వాలు కప్పేస్తున్నాడు." ఆవిడ నవ్వబోయి మానేసింది. "రిమోట్‌లో యాభై నాలుగు బటన్లున్నాయట, లెక్కపెట్టి చెప్పాడు. ఎడంచేత్తో ఏదో ఒకటి నొక్కితే మాటలు పోయి మోత మిగిలిందట. ఫోన్ చేసి అడగచ్చు కదా అంటే, ప్రతిదానికీ నిన్నే అడగాలా అంటాడు."

"మరిప్పుడు?"

"శబ్దం తీసేసి చూస్తున్నాడండి. బాగానే అర్థమవుతోందట."

బాబాయి రసీదు పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"ఎన్ని ఛానెళ్ళో చూసి కొన్నాను," అంది ఆవిడ. "ఒక్కడే ఉంటాడన్నది లెక్కలో వేయలేదు."

రసీదు రాసిస్తూ బాబాయి అన్నాడు. "ఈసారి ఆయన్ని తీసుకురండమ్మా. ఎడంచెయ్యి పెట్టి చూడనివ్వండి. ఆ చేతికి ఏది నచ్చితే అది."

ఆవిడ వెళ్ళాక పెట్టె తెరిచి కరెంటిచ్చాడు. స్పీకర్ల దూరాలన్నీ చక్కగా ఉన్నాయి, ఎవరో తెలిసినవాళ్ళే కొలిచారు. కింద ఒక వరుస: కూర్చునే చోట్లు, ఒకటి. బాబాయి రెండు వేళ్ళూ బటన్ల మీద పెట్టాడు. ఈసారి ఐదు లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది.

నాలుగింటికి అర ముందు నిలబడ్డాడు. తొమ్మిది రిసీవర్లు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కళ్ళు మూసుకుని, మొదటిదాని మొహం మీద వేళ్ళు పెట్టాడు. అంతా గాజు. ఎక్కడ నొక్కినా ఒకటే చల్లదనం, వేలికి ఏమీ చెప్పదు. రెండోదాని బటన్లన్నీ ఒక మూతకింద దాక్కున్నాయి. మూత తెరవాలంటే గోరు కావాలి, గోరు పెట్టే చోటు కనపడాలి. మూడోదానికి తిప్పే గుండ్రటి బిళ్ళలు రెండు, రెండూ కవలపిల్లలు. శబ్దం పెంచబోయి ఛానెల్ మార్చేస్తారు.

"బాబాయ్," అని గుమ్మంలోంచి బేస్ గొంతు, "రిసీవరు ఎంచుకుంటున్నావా, నాడి చూస్తున్నావా?"

"మాట్లాడకు."

"ఏదో ఒకటి బతికుందా, లేదా?"

కింది అరలో, గోడ వైపు తిరిగి ఒక పాత పెట్టె ఉంది. ఐదే ఛానెళ్ళు. ఏడేళ్ళ కిందటిది, ఇప్పుడు తయారు చేయడమే మానేశారు. బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఇటు తిప్పి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. మధ్యలో అరచేతిలో ఇమిడే ఒకే ఒక్క గుండ్రటి బిళ్ళ. తిప్పితే వేలికింద చిన్న చిన్న టిక్కులు, గడియారానికి కీ ఇస్తున్నట్టు. దాని కింద వరసగా నాలుగు బటన్లు, బొడిపెల్లా ఉబ్బెత్తుగా. మొదటిది నొక్కితే చాలు, టీవీతో సహా అన్నీ వాటంతటవే లేస్తాయి. ఏ సినిమా కావాలో టీవీ రిమోట్‌కి నోటితో చెబితే సరిపోతుంది, ఆ మాత్రం అక్కకి వచ్చు. ఈ పెట్టె మాటల్ని మింగదని కూడా ఆయనకి గుర్తే. నాలుగుసార్లు వెనక్కొచ్చింది పాపం. నాలుగుసార్లూ కారణం ఒకటే: పాతగా కనిపిస్తోంది. కనిపించడం గురించి అక్కకి బెంగ లేదు.

"ఇదా?" అంది మేనేజరు మేడమ్. "దీన్ని తుక్కు కింద రాసేశాం కదా బాబాయిగారూ."

"నన్నూ ఇవాళ అలాగే రాశారు కదా మేడమ్. ఇద్దరం కలిసి పోతాం."

బేస్ పగలబడి నవ్వాడు, స్క్రూలు కదిలాయి. మేడమ్ మాత్రం నవ్వలేదు. గేటు పాసు మీద రాసిందే రెండోసారి రాసింది.

అందరూ గదిలోంచి వెళ్ళాక బాబాయి పెట్టెని బల్ల మీద పెట్టుకుని మళ్ళీ తడిమాడు. ఒకటే లోటు. నాలుగు బటన్లూ ఒకే సైజు. మొదటిదేదో అక్క ప్రతిసారీ లెక్కపెట్టుకోవాలి. చుట్టూ చూశాడు. రబ్బరు ముక్క అతికిస్తే ఊడుతుంది, టంకం చుక్క పెడితే గుచ్చుకుంటుంది. వైర్లు కత్తిరించే కత్తెర తీసి, తన చొక్కాకి కింది నుంచి రెండో గుండీ కత్తిరించాడు. మొదటి బటన్ మీద ఒక చుక్క జిగురు వేసి, దానిమీద గుండీ ఉంచి, వేలితో అదిమిపట్టి వంద లెక్కపెట్టాడు. చొక్కాకి పిన్నీసు పెట్టుకుని, రిసీవర్ని ఓ అట్టపెట్టెలో సర్దాడు.

బేస్ స్కూటరు మీద దింపాడు. పెట్టె ఇద్దరి మధ్య కూర్చుంది. దారంతా బేస్ పాటలు పాడాడు, సిగ్నళ్ళ దగ్గర జనం తిరిగి చూశారు. గుమ్మం ముందు ఆగి, "పద, పైకి తెచ్చిపెడతా. ఎన్ని కిలోలిది?" అన్నాడు.

"తొమ్మిదేలే. నేను తీసుకుపోతా."

"మూడంతస్తులు బాబాయ్!"

"రోజూ ఎక్కుతున్నవే కదరా."

బేస్ పైకొస్తే అక్క ఊరుకోదు. మా వాణ్ణి ఏ ఊళ్ళు తిప్పుతున్నార్రా అని అడుగుతుంది. ఏ ఊళ్ళత్తా అని వాడు అంటాడు. వాడికి అబద్ధం రాదు, వచ్చినా ఆ గొంతుతో చెబితే వీధంతా వింటుంది.

"మరి వస్తా బాబాయ్. రేపు..." అని బేస్ ఆగాడు. రేపు షాపులో బాబాయి ఉండడని అప్పుడే తట్టినట్టుంది. "రేపు కాదులే. తిరుగుతూ ఉండు ఇటు."

స్కూటరు మలుపు తిరిగేదాకా చూసి బాబాయి పెట్టె ఎత్తాడు. మొదటి మలుపు దగ్గర కిటికీ గట్టు మీద పెట్టి నిలబడ్డాడు. రెండో అంతస్తుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. ఎడమభుజంలో ఎవరో మెల్లగా స్క్రూ బిగిస్తున్నట్టుంది. మూడో అంతస్తుకి ఇంకా నాలుగు మెట్లుండగా మెట్టు మీదే కూర్చుని, పెట్టెని ఒళ్ళో పెట్టుకున్నాడు. చెమట ఆరాక లేచాడు.

తలుపు తెరిచే ఉంది. అక్క కుర్చీలో కూర్చునే అంది: "నాలుగుసార్లు ఆగావు."

"బరువుగా ఉందక్కా."

"పోయిన నెల ఉత్తచేతుల్తో రెండుసార్లు ఆగావు."

బాబాయి అట్టపెట్టె చించడం మొదలుపెట్టాడు. చించడం చప్పుడు బాగా ఎక్కువగా చేశాడు.

రిసీవరు టీవీ కిందే ఉండాలని ఏ చట్టమూ లేదు. అక్క కుర్చీ కుడిపక్కన ముక్కాలి పీట వేసి దానిమీద పెట్టాడు, చెయ్యి చాస్తే అందేలా. ఐదు స్పీకర్ల వైర్లూ ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి ఒక చోట చేరాయి.

"చెయ్యి పెట్టి చూడు."

అక్క వేళ్ళు పెట్టె మొహం మీద నడిచాయి. బిళ్ళని తిప్పి, టిక్కులు విని, తల ఊపింది. కిందికి దిగాయి. మొదటి బటన్ దగ్గర ఆగాయి. గోరుతో అంచు చుట్టూ తిరిగాయి.

"ఇది నేను కుట్టిన గుండీ."

"ఎలా తెలిసింది?"

"నా దారం నాకు తెలీదా? కొస ఇంకా కన్నంలోనే ఉంది. మరి చొక్కాకి?"

"పిన్నీసు పెట్టా."

"పిన్నీసులు పెట్టుకుని ఊళ్ళు తిరుగుతావా? విప్పి అక్కడ పడెయ్, రేపు కుడతాను."

"రేపు కుడుదువుగానిలే."

తర్వాత కొలత. పుట్టగొడుగంత మైకు. దాన్ని కూర్చునేవాళ్ళ చెవి ఎత్తులో పెడితే ఒక్కో స్పీకరూ కిచకిచమంటుంది, అది విని పెట్టె దూరాలు లెక్కేసుకుంటుంది. అంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. అక్కని పక్కకి నిలబెట్టి, ఆమె కుర్చీలో రెండు దిళ్ళు, దిళ్ళ మధ్య చీపురుకర్ర, కర్ర చివర మైకు కట్టి బటన్ నొక్కాడు.

కిచ్.

"ఏదో పిట్ట దూరిందిరా!"

తెర మీద ఎర్రగా వచ్చింది: గదిలో గోల ఎక్కువగా ఉంది, మళ్ళీ ప్రయత్నించండి.

"అక్కా, మాట్లాడకూడదు."

"సరే."

కిచ్.

"ఎంతసేపు?"

మళ్ళీ ఎర్రగా. మూడోసారి అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. పిట్ట ఎడమ గోడ మీద కూసింది, ముందుకొచ్చింది, కుడికి ఎగిరింది, వెనక్కెళ్ళి రెండు మూలల్లోనూ కూసింది. అక్క మొహం దాని వెంటే తిరిగింది. బాబాయి పెట్టెని చూడటం మర్చిపోయి ఆ మొహాన్నే చూశాడు.

తెర అడిగింది: ఇంకో చోటు ఉందా? బాబాయి వేలు 'లేదు' మీదికి పోయింది.

"నీ కుర్చీ కొలవవా?" అంది అక్క.

"ఇది నీ కోసం కదే. నాకు ఎక్కణ్ణుంచైనా వినపడుతుంది."

"ఊరంతటినీ ఎవరెక్కడ కూర్చుంటారని పీక్కుతింటావు. ఈ గదిలో కూర్చునేది ఇద్దరం. కొలువు."

కొలిచాడు. ఈసారి అక్క కొంగు అడ్డం లేకుండానే నోరు మూసుకుంది. నీలం అక్షరాల్లో వచ్చింది: కూర్చునే చోట్లు, రెండు.

ఎప్పుడూ సగంలో ఆగిపోయే ఆ సినిమాయే కావాలంది అక్క. వానలో చిక్కుకున్న పెద్ద ఇల్లు, దానికి ఏడు తలుపులు, లోపల ఐదుగురు మనుషులు, ఒక కుక్క. ఆ తలుపుల దగ్గరే ప్రతిసారీ ఇద్దరికీ గొడవ. ఎవరు ఎటు పోయారో ఈయన చెప్పేలోపే ఇంకో తలుపు తెరుచుకుంటుంది, అక్క విసిగిపోయి మధ్యలో లేచిపోతుంది.

అక్క గుండీ నొక్కింది. టీవీ వెలిగింది, రిమోట్‌కి సినిమా పేరు చెప్పింది. గది నాలుగు పక్కలా వాన మొదలైంది.

అక్క ఉలిక్కిపడి కుర్చీ చేతులు పట్టుకుంది. ఎడమపక్క ఒక తలుపు కిర్రుమంది. బాబాయి అలవాటుగా నోరు తెరిచాడు.

"ఉండు," అంది అక్క. "ఎడం తలుపు. ఆడమనిషి. చెప్పులు తడిసిపోయాయి." కాసేపాగి, "విప్పేసింది," అంది.

విప్పేసింది.

"వెనకాల ఎవడో మెట్లు దిగుతున్నాడు. లావుపాటివాడు. ఈవిడకి తెలీదు వాడున్నాడని. అవునా?"

"అవును."

"మరి చెప్పవేం?"

"నువ్వే చెప్పు. నేను వింటా."

ఎనిమిదేళ్ళ తర్వాత బాబాయికి చేతులు ఖాళీ అయినట్టనిపించింది. కుర్చీలో వెనక్కి వాలాడు. అక్క చెబుతూనే ఉంది. వాడు కుడివైపు పోయాడు. గ్లాసు కింద పెట్టాడు. అబద్ధం చెబుతున్నాడురా వీడు, గొంతులో తెలుస్తోంది. అప్పుడు దూరంగా, వెనక మూల, కుక్క ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

అక్క నిటారుగా కూర్చుంది. "ఒరేయ్. కుక్క పోయింది."

బాబాయి గడ్డం గోక్కున్నాడు.

"ఈ కుక్కని నువ్వు మూడుసార్లు బతికించావు కదరా! వంటింట్లో పడుకుందన్నావు, పాలు తాగుతోందన్నావు..." ఆమెకి నవ్వొస్తోంది, కోపమొస్తోంది. "ఇంకా ఎన్నిటిని బతికించావురా నా దగ్గర?"

"చాలానే," అన్నాడు నవ్వుతూ. నవ్వితే భుజంలో స్క్రూ ఇంకో చుట్టు తిరిగింది.

వాన కాసేపు అలా పడింది. అక్క గొంతు తగ్గించి, టీవీ వైపే మొహం పెట్టి అడిగింది: "ఆ ఊళ్ళు తిప్పడం కూడా ఇలాంటిదేనా?"

చెప్పేద్దామనుకున్నాడు. జేబులో డాక్టరు గీసిన బొమ్మ కూడా ఉంది.

"సరే, సినిమా అవనీ. అయ్యాక చెబుదువుగాని," అంది అక్క. "ఇప్పుడు ముందు తలుపు. ఎవరో తడుతున్నారు."

బాబాయి తల వెనక్కి ఆనించాడు. వాన సరిగ్గా వెనకనుంచే వస్తోంది. కుడి ఎడమల తేడా లేదు, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. బాగా కొలిచింది, అనుకున్నాడు.

ముందు తలుపు తెరిచింది ఎవరో అక్క చెప్పింది. ముసలాడు దాచిన తాళంచెవి గలగల వినపడిందని చెప్పింది. హంతకుడెవరో అందరికంటే ముందే కనిపెట్టేసి, "నేను చెప్పలా!" అని కుర్చీ చేతి మీద చరిచింది. వాన తగ్గి, చూరు నీళ్ళు నలుమూలలా ఒక్కో చుక్కా పడ్డాయి. సినిమా అయిపోయింది. పాట వస్తోంది.

"ఆఁ, ఇప్పుడు చెప్పు," అంది అక్క.

కాసేపు ఆగింది. "నిద్రపోయావా? కిటికీ సీటు దొరికిందా?"

చెయ్యి చాచి బిళ్ళని వెనక్కి తిప్పింది. టిక్కు, టిక్కు, టిక్కు. పాట సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. గదిలో మామూలు చప్పుళ్ళు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఫ్రిజ్జు. వంటింట్లో కొళాయి చుక్క. కింద మెట్ల మీద ఎవరివో చెప్పులు. అక్క తల కొంచెం ఎడమకి, ఆ కుర్చీ వైపు వంచి, ఇంకొక్క చప్పుడు కోసం, తమ్ముడి ఊపిరి కోసం చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత చెయ్యి మెల్లగా అటు జరిపింది. చొక్కా అంచు దొరికింది. కింది నుంచి రెండోచోట, పిన్నీసు దగ్గర, ఆ చెయ్యి ఆగిపోయింది.

ముక్కాలి పీట మీద నీలం వెలుగులో ఆ పాత పెట్టె ఇంకా మేలుకునే ఉంది. దాని మొదటి బటన్ మీద నాలుగు కన్నాల తెల్ల గుండీ, ఒక కన్నంలో ఆమె కుట్టిన నీలం దారం కొస.